అలాస్కా క్రూజ్‌లో షిప్ దిగాక: వాళ్ల టూర్ కొనాలా, మనమే తిరగాలా?

అలాస్కా క్రూజ్‌కి డబ్బు కట్టిన మర్నాటి నుంచే షిప్ కంపెనీ ఈమెయిళ్లు మొదలుపెడుతుంది. తిమింగలాలు చూపిస్తాం, హెలికాప్టర్‌లో గ్లేసియర్ (మంచు నది) మీద దింపుతాం, కుక్కలు లాగే బండి ఎక్కిస్తాం అంటుంది. కింద ధర చూస్తే మనిషికి ఇంత అని ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, మీరిద్దరు, ఇద్దరు పిల్లలు. ఆరుగురికి ప్రతి ఊళ్లోనూ ఒక్కో టూర్ కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. "ఎందుకండీ, ఉబర్ ఉంది, ఫోన్ ఉంది, మనమే తిరిగేద్దాం" అనే స్నేహితుడు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. ఆయన మాట సగం నిజం.

రెండేళ్ల క్రితం మా అమ్మానాన్నల్ని తీసుకుని సియాటెల్ నుంచి ఏడు రాత్రుల ట్రిప్ వెళ్లాం. జూనో, స్కాగ్‌వే, కెచికాన్, చివర్లో కెనడాలోని విక్టోరియా. సియాటెల్ నుంచి బయల్దేరే చాలా షిప్‌లు కాస్త అటూ ఇటూగా తిరిగే దారి ఇదే. ఒక చోట షిప్ టూర్ కొని విసుక్కున్నాం, ఒక చోట సొంతంగా వెళ్లి గుండె చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చాం. ట్రిప్ మొత్తానికి ఒకే నిర్ణయం తీసుకోవడమే మేం చేసిన తప్పు. ఏ ఊరి లెక్క ఆ ఊరిదే. ఆ లెక్క ఎలా వేసుకోవాలో వరసగా చెప్తాను.

1. టూర్ల కంటే ముందు వీసాలు

విక్టోరియా కెనడాలో ఉంది. అమెరికా జెండా లేని షిప్ అమెరికాలోని ఒక రేవులో ఎక్కించుకున్నవాళ్లని ఇంకే దేశమూ తాకకుండా అమెరికాలోనే తిప్పి దింపకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది. పెద్ద క్రూజ్ షిప్‌లు దాదాపు అన్నీ వేరే దేశాల జెండాలతో నడిచేవే. అందుకే సియాటెల్ నుంచి బయల్దేరిన షిప్ కెనడాలో ఎక్కడో ఒక చోట ఆగి తీరాలి. విక్టోరియాలో చాలాసార్లు చీకటి పడే వేళకి వచ్చి, నాలుగైదు గంటలు ఉండి వెళ్లిపోవడం అందుకే.

మనకి దీని అర్థం ఏమిటంటే, ఇండియన్ పాస్‌పోర్ట్ మీద, అమెరికా టూరిస్ట్ వీసాతో వచ్చిన అమ్మానాన్నలకి కెనడా వీసా విడిగా కావాలి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకీ కావాలి. గ్రీన్‌ కార్డు ఉంటే వీసా అక్కర్లేదు గానీ పాస్‌పోర్ట్, కార్డు రెండూ వెంట ఉండాలి. "విక్టోరియాలో మేం దిగం, క్యాబిన్‌లోనే పడుకుంటాం" అంటే కుదరదు. వీసా లేకపోతే సియాటెల్‌లో చెక్‌ఇన్ దగ్గరే ఆపేస్తారు. వీసాకి వారాలు పట్టొచ్చు కాబట్టి, అమ్మానాన్నల ఫ్లైట్ టికెట్లు కొన్న రోజే ఈ పని మొదలుపెట్టండి. ఇదే వీసా సంగతి స్కాగ్‌వేలో మళ్లీ ఎదురవుతుంది.

2. షిప్ టైమ్ ఒక కాగితం మీద రాసుకోండి

ఒక్కో ఊరికీ మూడు టైమ్‌లు రాయాలి. షిప్ ఆగేది, బయల్దేరేది, అందరూ లోపల ఉండాల్సినది. మూడోదాన్ని ఆల్ అబోర్డ్ అంటారు. మామూలుగా బయల్దేరడానికి అరగంట ముందు పెడతారు, కొన్ని చోట్ల ఇంకా ముందే. మీకు పనికొచ్చేది ఆ టైమే. రాత్రి 10కి బయల్దేరుతుందంటే మీ గడువు 9:30 అన్నమాట.

గడియారం గొడవ ఇంకొకటి. అలాస్కా టైమ్ సియాటెల్ కంటే గంట వెనక. షిప్‌లో మామూలుగా ఒక రాత్రి గడియారాలు వెనక్కి తిప్పుకోమని చెప్తారు, తర్వాత మళ్లీ ముందుకు. మన ఫోన్‌లు ఏరోప్లేన్ మోడ్‌లో ఉంటే ఒక టైమ్, ఊళ్లో టవర్ దొరికితే ఒక టైమ్ చూపిస్తాయి. షిప్‌లో ఏ టైమ్ నడుస్తోందో దానికి ఒక చేతి గడియారం సెట్ చేసి పెట్టుకోండి. మా నాన్న హెచ్‌ఎంటీ వాచీ ఆ పనికి పెడదామనుకున్నాం గానీ ఆయన దాన్ని ఇండియా టైమ్ నుంచి కదపనివ్వలేదు. హైదరాబాద్‌లో ఉన్న మా అత్తయ్యకి ఎప్పుడు ఫోన్ చేయాలో తెలియాలట.

ఇప్పుడు లెక్క వెనక నుంచి వేయండి. ఆల్ అబోర్డ్ నుంచి గంటన్నర తీసేయండి, రేవు దగ్గరికి మీరు చేరాల్సిన టైమ్ అది. అందులోంచి తిరుగు ప్రయాణం తీసేయండి, బస్సు క్యూ కూడా కలిపి. పొద్దున షిప్ ఆగిన టైమ్‌కి ఒక గంట కలపండి, అధికారుల అనుమతి వచ్చి, మెట్ల దగ్గర రద్దీ తగ్గి, మీ ఆరుగురూ బయటపడేసరికి అంత పడుతుంది. మధ్యలో మిగిలిందే మీ రోజు. కెచికాన్‌లో కొన్ని షిప్‌లు ఆరేడు గంటలే ఆగుతాయి. ఈ లెక్క వేస్తే చేతికి మూడు, నాలుగు గంటలు మిగులుతాయి. అంత తక్కువ టైమ్‌లో రెండు టూర్లు కొన్నవాళ్లని నేను చూశాను.

3. షిప్ ఎక్కడ ఆగుతుందో చూడండి

ఊరి పేరు చూసి మోసపోకండి. కెచికాన్‌లో చాలా షిప్‌లు ఊరి నడిబొడ్డునే ఆగుతాయి, దిగి రోడ్డు దాటితే బజారు. కొన్ని షిప్‌లు మాత్రం వార్డ్ కోవ్ అనే చోట ఆగుతాయి, అది ఊరికి దాదాపు 7 మైళ్లు. అక్కడి నుంచి షటిల్ బస్సులు ఉంటాయి గానీ, వెళ్లడానికీ రావడానికీ కలిపి గంటకి పైగా పోతుంది. సిట్కాలోనూ షిప్‌లు ఆగే రేవు ఊరికి 5 మైళ్ల దూరం.

కొన్ని ఊళ్లలో షిప్ సముద్రంలోనే లంగరు వేసి చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తుంది. వాటిని టెండర్లంటారు. అలాంటి చోట షిప్ టూర్ కొన్నవాళ్లని ముందు దింపుతారు, మిగతావాళ్లు టోకెన్ పట్టుకుని ఎదురుచూడాలి. సొంతంగా తిరుగుతామనుకుంటే ఒక గంట అక్కడే పోయిందనుకోండి.

4. డబ్బు లెక్క: మనిషికా, బండికా?

షిప్ టూర్లు మనిషికి ధర కడతాయి. టాక్సీ, కారు, చిన్న పడవ మాత్రం మొత్తానికి ధర. ఇద్దరే వెళ్తుంటే తేడా పెద్దగా ఉండదు, టెన్షన్ లేకుండా షిప్ టూరే కొనుక్కోవచ్చు. నలుగురు దాటితే లెక్క తిరగబడుతుంది. ఊరికే అంకె కోసం, ఒక టూర్ మనిషికి 80 డాలర్లనుకోండి. ఆరుగురికి 480. అదే చోటికి పెద్ద టాక్సీ రానూపోనూ 150 అడిగినా మూడో వంతులో అయిపోయింది. టూర్ ధరలో ఉన్న భోజనం, టికెట్టు, గైడ్ మీకు నిజంగా కావాలా అన్నది తర్వాత చూసుకోండి.

పడవల విషయంలో మన ఆరుగురి కుటుంబానికి ఒక అదృష్టం ఉంది. అమెరికా కోస్ట్ గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ లేని చిన్న పడవలు డబ్బు తీసుకుని ఎక్కించుకోగలిగేది ఆరుగురినే. అందుకే జూనోలో తిమింగలాలు చూపించే చిన్న పడవలు చాలావరకు ఆరుగురికి సరిపడా ఉంటాయి. పడవంతా మీదే. నాన్నకి ఆ పక్క కూర్చోవాలనిపిస్తే కూర్చుంటారు, పిల్లలు గోల చేస్తే ఎవరూ చూడరు. అయితే బుక్ చేసేముందు ఒక్క మాట తప్పకుండా అడగండి: పడవలో టాయిలెట్ ఉందా? చిన్న పడవల్లో అన్నిటికీ ఉండదు. మూడు గంటల ప్రయాణంలో షుగర్ ఉన్న పెద్దవాళ్లకి అది చిన్న విషయం కాదు. పెద్ద పడవల్లో టాయిలెట్, వెచ్చటి గది రెండూ ఉంటాయి.

5. ఇక ఊరూరి తీర్పు

కెచికాన్: షిప్ ఊళ్లో ఆగితే టూర్ కొనొద్దు. క్రీక్ స్ట్రీట్ నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. వాగు మీద కర్ర స్తంభాలు నిలబెట్టి కట్టిన ఇళ్ల వరస అది. 1950ల దాకా వేశ్యావాటిక, ఇప్పుడు అన్నీ దుకాణాలే. జులై చివర నుంచి సెప్టెంబరు దాకా కింద వాగులో సాల్మన్ చేపలు ఎదురీదుతూ కనిపిస్తాయి. మా పిల్లలు అక్కడి నుంచి కదల్లేదు. టోటెమ్ స్తంభాల (స్థానిక తెగలు బొమ్మలు చెక్కిన పెద్ద కర్ర స్తంభాలు) పార్కు, టోటెమ్ బైట్, ఊరికి 10 మైళ్లు. లోకల్ బస్సో టాక్సీయో చాలు. మేం తెలియక షిప్ వాళ్ల బస్సు టూర్ కొన్నాం. అందులో పార్కు దగ్గర గడిపింది తక్కువ, నగల కొట్టు దగ్గర ఆపింది ఎక్కువ. ఇక వాన. ఇక్కడ ఏడాదికి 140 అంగుళాలకు పైగా కురుస్తుంది. గొడుగు గాలికి నిలవదు, టోపీ ఉన్న రెయిన్ కోటు కొనండి. నీటి విమానం ఎక్కి మిస్టీ ఫియోర్డ్స్ (సముద్రం చొచ్చుకొచ్చిన లోయల ప్రాంతం) చూడాలని ఉంటే మాత్రం, వాతావరణం బాగాలేక రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా అని ముందే అడిగి బుక్ చేసుకోండి.

జూనో: అసలు బుర్రకి పని పెట్టేది ఈ ఊరే. చూడాల్సినవి మూడు, మూడిటికీ మూడు రకాల జవాబులు.

రేవు పక్కనే రోప్‌వే ఉంది, దాదాపు 1,800 అడుగుల ఎత్తుకి తీసుకెళ్తుంది. దీనికి ముందే టికెట్ కొనడం దండగ. దిగాక తలెత్తి చూడండి. కొండ కొన కనిపిస్తే అక్కడే టికెట్ తీసుకోండి, మబ్బులో మునిగి ఉంటే డబ్బు మిగిలింది.

మెండెన్‌హాల్ గ్లేసియర్ ఊరికి 12, 13 మైళ్లు. రోడ్డు బాగుంటుంది, సొంతంగా వెళ్లొచ్చు. రేవు దగ్గర నుంచి షటిల్ బస్సులు ఉంటాయి. అయితే అది అటవీశాఖ స్థలం, వాణిజ్య బస్సులకి పర్మిట్లు లెక్క కట్టి ఇస్తారు. అందుకే రద్దీ రోజుల్లో టికెట్లు అయిపోవచ్చు, ముందే కొనడం మంచిది. ఉబర్, లిఫ్ట్ ఉన్నాయి గానీ, వెళ్లేటప్పుడు దొరికినంత సులువుగా వచ్చేటప్పుడు దొరకవు. 2 డాలర్ల సిటీ బస్సు కూడా ఉంది. అది గ్లేసియర్ దాకా వెళ్లదు, దిగాక మైలున్నర నడవాలి. కుర్రవాళ్లకి సరే, మోకాళ్ల నొప్పులున్న అమ్మకి కాదు. లోపల నగెట్ ఫాల్స్ జలపాతం దాకా రానూపోనూ దాదాపు 2 మైళ్ల చదునైన దారి. ఎలుగుబంట్లు తిరిగే చోటు, తిండి తీసుకెళ్లొద్దని బోర్డులుంటాయి. జంతికల ప్యాకెట్టు క్యాబిన్‌లోనే వదిలేయండి.

మేం భయపడింది ఇక్కడే. 2024 నుంచి జూనోకి రోజుకి ఐదు పెద్ద షిప్‌లకి మించి రాకూడదని ఒప్పందం చేసుకున్నారు. ఐదు షిప్‌లంటే వేల మంది. వాళ్లలో చాలామంది సాయంత్రం ఒకే టైమ్‌కి తిరుగు బస్సు కోసం వరసలో నిలబడతారు. మా ముందు వంద మంది దాకా ఉన్నారు. బస్సు వస్తోంది, నిండుతోంది, పోతోంది. నాన్న ఒక బండరాయి మీద కూర్చుని "ఇది తిరుమల క్యూ కంటే నయమే" అంటున్నారు, నాకేమో చెమటలు. ఆల్ అబోర్డ్‌కి నలభై నిమిషాల ముందు రేవు చేరాం. పైన గంటన్నర తీసేయమన్నది ఆ రోజు నేర్చుకున్న లెక్కే. గ్లేసియర్ ముందు, ఊరు తర్వాత చూడండి. ఊళ్లో ఆలస్యమైతే షిప్ కళ్ల ముందే ఉంటుంది.

తిమింగలాలు మూడోది. పడవలు ఆక్ బే నుంచి బయల్దేరతాయి, రేవు నుంచి బస్సులో అరగంట లోపు. చిన్న కంపెనీలు కూడా షిప్‌ల టైమ్‌లు చూసుకునే నడుస్తాయి, రేవు దగ్గరికే వచ్చి ఎక్కించుకుని మళ్లీ అక్కడే దింపుతాయి. మీ షిప్ పేరు చెప్పి బుక్ చేసుకుంటే మధ్యాహ్నం టూర్ ధైర్యంగా బయటే కొనుక్కోవచ్చు. ఆల్ అబోర్డ్‌కి రెండు గంటలు కూడా మిగలకుండా ముగిసే టూర్ అయితే మాత్రం షిప్ వాళ్లదే కొనండి.

స్కాగ్‌వే: ఇక్కడ కొనాల్సింది రైలు టికెట్. వైట్ పాస్ రైలు 1898లో బంగారం కోసం పరిగెత్తిన జనం రోజుల్లో మొదలై 1900కి పూర్తయింది. మూడడుగుల వెడల్పున్న చిన్న పట్టాలు. 20 మైళ్లలో సముద్రమట్టం నుంచి 2,865 అడుగుల ఎత్తుకి ఎక్కుతుంది. శిఖరం దాకా వెళ్లి తిరిగొచ్చే రైల్లో ఎవరూ మధ్యలో దిగరు, పాస్‌పోర్ట్ అక్కర్లేదు, రెండున్నర గంటలకి పైగా పడుతుంది. పైకి చేరాక అటువాళ్లు ఇటు మారి కూర్చోమంటారు. కిటికీ సీటు కోసం పోట్లాడుకోనక్కర్లేదు. టికెట్ రైలు కంపెనీ దగ్గర నేరుగా కొనొచ్చు, షిప్ ద్వారా కూడా కొనొచ్చు. తేడా తక్కువగా ఉంటే షిప్ దగ్గరే కొనమంటాను. సీట్లలో చాలా భాగం షిప్‌లే ముందుగా పట్టుకుంటాయి.

దీనికి రెండో రకం టూర్లు ఉన్నాయి, ఒక పక్క రైలు, ఒక పక్క బస్సు, మధ్యలో కెనడాలోని యూకాన్ ప్రాంతం. ఇవి సరిహద్దు దాటి కెనడాలోకి వెళ్తాయి. పాస్‌పోర్ట్, మనవాళ్లకి కెనడా వీసా రెండూ కావాలి. పాస్‌పోర్ట్ క్యాబిన్‌లో మరచిపోతే టూర్ పోయినట్టే, డబ్బూ రాదు. రైలు అయ్యాక ఊరు నడిచి తిరగండి. నేషనల్ పార్క్ వాళ్ల విజిటర్ సెంటర్ ఉచితం.

విక్టోరియా: రాత్రి పూట ఊరికే అలా తిరిగి రావడానికి. రేవు నుంచి ఇన్నర్ హార్బర్ అరగంట నడక, షటిల్ కూడా ఉంటుంది. పార్లమెంటు భవనం అంచులన్నిటికీ బల్బులు వెలుగుతాయి. బుచార్ట్ గార్డెన్స్ 20 కిలోమీటర్లకి పైనే దూరం. చీకటి పడే వేళ, ఉన్న నాలుగు గంటల్లో వెళ్లాలంటే షిప్ టూర్ ఒక్కటే దారి. లేకపోతే వదిలేయండి.

షిప్‌లోంచే చూసే గ్లేసియర్ బే లాంటివి మీ రూట్‌లో ఉంటే ఆ రోజు దిగేదే లేదు. పొద్దున్నే లేచి డెక్ మీద చోటు చూసుకోవడమే.

6. బయట టూర్ బుక్ చేస్తే అడగాల్సినవి

మా షిప్ ఆ ఊరికి రాకపోతే పూర్తి డబ్బు ఇస్తారా? వాతావరణం చెడి సముద్రంలోంచే వెళ్లిపోవడం అలాస్కాలో అరుదేమీ కాదు. షిప్ టూర్ అయితే డబ్బు దానంతట అదే వెనక్కి వస్తుంది, బయటిదైతే రాతపూర్వకంగా ఉండాలి. ఎక్కడ ఎక్కించుకుంటారు, ఎన్ని గంటలకి తిరిగి దింపుతారు? అది షిప్ టైమా, లోకల్ టైమా? మెట్లెన్ని, నడకెంత? పిల్లలకి, పెద్దవాళ్లకి వయసు, బరువు నియమాలున్నాయా? హెలికాప్టర్లో బరువు కూడా అడుగుతారు, అమ్మకి ముందే చెప్పి పెట్టండి.

షిప్ టూర్లు ముందే బుక్ చేసి, ఎన్ని గంటల ముందు రద్దు చేస్తే డబ్బు వస్తుందో చూసి పెట్టుకోండి. ప్రయాణానికి ముందు ధర తగ్గితే రద్దు చేసి మళ్లీ కొనొచ్చు. క్యాబిన్‌తో పాటు ఆన్‌బోర్డ్ క్రెడిట్ (షిప్‌లో ఖర్చు పెట్టుకోవడానికి కంపెనీ ఇచ్చే డబ్బు) ఇచ్చి ఉంటే రైలు టికెట్‌కి వాడేయండి, మిగిలితే బహుమతుల కొట్టు మింగేస్తుంది.

7. దిగే ముందు, ఒకవేళ షిప్ వెళ్లిపోతే

షిప్ కార్డు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, పెద్దవాళ్ల మందులు ఒక రోజుకి ఎక్కువే, క్రెడిట్ కార్డు, ఫోన్ చార్జర్. పళ్లు షిప్ నుంచి బయటికి తీసుకెళ్లనివ్వరు. ఆ రోజు కార్యక్రమాల కాగితం మీద పోర్ట్ ఏజెంట్ (ఆ ఊళ్లో షిప్ కంపెనీ తరఫు మనిషి) నంబరు ఉంటుంది, దాన్ని ఫొటో తీసుకోండి. అందరి పాస్‌పోర్ట్‌లు, వీసా పేజీలు ఫోన్‌లో ఉండాలి. సొంతంగా దూరం వెళ్లే రోజున అసలు పాస్‌పోర్ట్‌లే వెంట పెట్టుకుంటాను నేను, తడవకుండా జిప్ కవర్లో.

షిప్ వాళ్ల టూర్ ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, లేదా వాళ్ల ఖర్చుతో తర్వాతి ఊరికి చేరుస్తారు. మీరు ఎక్కువ కట్టిన డబ్బు ఈ ఒక్క హామీకే. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే అది ఆగదు, ఖర్చంతా మనదే. వెంటనే పోర్ట్ ఏజెంట్‌కి ఫోన్ చేయండి. జూనో నుంచి బయటి ఊళ్లకి రోడ్డే లేదు, విమానమో పడవో ఎక్కాలి. కెచికాన్‌కి విమానాలున్నాయి, అక్కడ షిప్‌ని పట్టుకోవచ్చు. స్కాగ్‌వేలో రోడ్డుంది గానీ అది నేరుగా కెనడాలోకి వెళ్తుంది, కెనడా వీసా ఉన్న పాస్‌పోర్ట్‌లు క్యాబిన్ లాకర్‌లో ఉండిపోతే ఆ రోడ్డు మీకు లేనట్టే. అప్పుడు జూనో వెళ్లే చిన్న విమానమో ఫెర్రీయో ఏ టైమ్‌కి ఉందో అడగండి.